డబ్బా మీద రాసిన కుట్ల సంఖ్య కాదు, మిషన్‌లో ఏ కదలిక మన చేతిలో ఉందో చూడండి

మీరు అడిగింది ఇది: అమ్మగారు వాడిన నల్ల మిషన్ మీద బ్లౌజులు, ఫాల్ కుడుతున్నారు. ఇప్పుడు పీకో (చీర అంచును సన్నగా చుట్టి కుట్టడం), కాజాలు, పిల్లల ఫ్రాకులు, టీషర్టు రిపేర్లు, వీలైతే కాస్త ఎంబ్రాయిడరీ కూడా మొదలుపెట్టాలని ఉంది. బడ్జెట్ 20 వేల లోపు. షాపులో ఒకదానిలో 7 కుట్లు, ఇంకోదానిలో 21, మరోదానిలో 60 అని చెప్పారు. ఎక్కువ కుట్లు ఉన్నది తీసుకోవాలా, పాత మిషన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలా అని.

పాతది మాత్రం ఇవ్వకండి. ఎక్స్ఛేంజ్‌లో దానికి కట్టే విలువ తక్కువ, అది చేయగల పని ఎక్కువ. మీరు రాసిన జాబితాలో కొన్ని పనులు అదే చేస్తుంది, కాకపోతే దానికి కావలసినవి దానికి పెట్టాలి. అవేమిటో మధ్యమధ్యలో చెప్తాను.

ముందు కుట్ల లెక్క సంగతి చూద్దాం. 21 అని రాసిన మిషన్ దగ్గర నిలబడి డయల్ ఒక్కో గుర్తు దగ్గరికీ తిప్పి చూడండి. సూది ఎడమవైపు ఉండే సూటి కుట్టు ఒకటి, మధ్యలో ఉండేది ఇంకొకటి. ఒకే జిగ్‌జాగ్‌ను సన్నం, మధ్యరకం, వెడల్పు అని మూడుగా లెక్కేస్తారు. కాజాలో నాలుగు దశలుంటే ఒక్కోసారి అవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి బ్లైండ్ హెమ్ (బయటికి కనపడని మడత కుట్టు), షెల్ కుట్టు (అంచును గవ్వల్లా నొక్కేది), ఒక్కో ఏటవాలు గీత మూడు చిన్న కుట్లుగా పడే జిగ్‌జాగ్, సాగే బట్టకు వేసే స్ట్రెచ్ కుట్లు ఒకటో రెండో. 60 ఉన్న మిషన్‌లో అదనంగా వచ్చేవి పువ్వులు, ఆకులు, గుండెకాయ గుర్తులు. కొన్న మొదటి నెలలో పిల్లల గౌను అంచున ఒకసారి వేసి చూసుకుంటారు. తర్వాత ఆ బటన్ జోలికి ఎవరూ వెళ్లరు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే.

నేనైతే సంఖ్య వదిలేసి వేరే ప్రశ్నలు అడుగుతాను. కుట్టు వెడల్పుకు, పొడవుకు విడివిడి డయళ్లు ఉన్నాయా? బట్టను అడుగు నుంచి లాగే పళ్లు కిందికి దిగుతాయా? ఫుట్, అంటే సూది దగ్గర బట్టను నొక్కి పట్టే పాదం, దాని ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉందా? బయట దొరికే మామూలు ఫుట్‌లు దీనికి పడతాయా? ఈ నాలుగూ ఉంటే 12 కుట్ల మిషన్‌తోనూ బొటిక్ పని చేయొచ్చు.

మీ నల్ల మిషన్‌లో సూది పైకీ కిందికీ తప్ప కదలదు, బట్టను పళ్లు ముందుకు లాగుతాయి. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది బట్టలోంచి పైకి వచ్చాక, మళ్లీ గుచ్చుకునే లోపు సూది కడ్డీ పక్కకు ఊగుతుంది. అదనంగా వచ్చే కదలిక అదొక్కటే. అంచు పోగులు ఊడకుండా కట్టడం, పీకో, కాజా, గుండీ, ఎలాస్టిక్, లేస్ అతికించడం, ప్యాచ్ వర్క్ అన్నీ దానిలోంచే పుట్టాయి. ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో హెలెన్ బ్లాంచార్డ్ అనే ఆవిడ జిగ్‌జాగ్ కుట్టు మిషన్‌కు 1873లోనే పేటెంట్ తీసుకున్నారు. మన ఇళ్లలో మాత్రం చాలాకాలం సూటి కుట్టు మిషన్లే నడిచాయి.

వెడల్పు, పొడవు రెండూ మన చేతిలో ఉంటే ఒక్క జిగ్‌జాగ్ ఎన్ని పనులకు వస్తుందో చూడండి. వెడల్పు 5, పొడవు 2 (ఇవన్నీ మి.మీ. లెక్క) పెడితే లైనింగ్ బ్లౌజ్ లోపలి అంచులు కట్టుకోవచ్చు. వెడల్పు 4 ఉంచి పొడవును అరకు తగ్గిస్తే దారాలు పక్కపక్కనే పడి శాటిన్ కుట్టు అవుతుంది, ప్యాచ్ వర్క్ అంచుకు అది కావాలి. పొడవు పూర్తిగా సున్నా చేస్తే బట్ట జరగదు, సూది ఎడమా కుడీ అక్కడక్కడే గుచ్చుతుంది, దాంతో గుండీ కుట్టేయొచ్చు. వెడల్పు 1, పొడవు రెండున్నర పెడితే టీషర్టు జాయింట్ తెగదు. చౌక మోడళ్లలో వెడల్పు డయల్ ఉండదు. కంపెనీ పెట్టిన రెండు మూడు వెడల్పులతోనే సరిపెట్టుకోవాలి. 21 కుట్లుండి వెడల్పు డయల్ లేని మిషన్, 10 కుట్లుండి ఆ డయల్ ఉన్న మిషన్ పక్కపక్కన పెడితే నేను రెండోదే తీసుకుంటాను. చేతితో డయల్ తిప్పే మిషన్లలో గరిష్ఠ వెడల్పు మామూలుగా 5 మి.మీ. ఉంటుంది, కంప్యూటర్ మోడళ్లలో 7 మి.మీ. కనిపిస్తుంది. మన పనులకు 5 చాలు.

ఇక పీకో. మీకు ముందుగా డబ్బు తెచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బజారులో పీకో వేసేవాళ్ల దగ్గర ప్రత్యేకమైన పీకో మిషన్ ఉంటుంది, ఆ వేగం ఇంటి మిషన్‌కు రాదు. రోజుకు నాలుగైదు చీరలైతే ఇంటి జిగ్‌జాగ్ మిషన్ సరిపోతుంది. దానికి రోల్డ్ హెమ్ ఫుట్ కావాలి. ముందుభాగంలో చిన్న సుడిలాంటి వంపు ఉంటుంది, బట్ట అంచు అందులోకి దూరి తనంతట తానే చుట్టుకుంటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. సూది దిగేచోట గుండ్రని చిన్న రంధ్రం ఉన్నది సూటి కుట్టుకు, అడ్డంగా వెడల్పాటి చీలిక ఉన్నది జిగ్‌జాగ్‌కు. మొదటిది పెట్టి జిగ్‌జాగ్ వేస్తే సూది ఫుట్ ఇనుముకు తగిలి విరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేటప్పుడు ఫోటో పెద్దది చేసి ఆ చీలిక చూసుకోండి.

వెడల్పు 3 లేదా 4, పొడవు 1 దగ్గర పెట్టండి. సూది ఎడమకు పడినప్పుడు బట్టలో గుచ్చుకోవాలి, కుడికి పడినప్పుడు అంచు దాటి గాలిలో దిగాలి. అలా పడితేనే దారం అంచును లోపలికి లాగి సన్నని తాడులా చుడుతుంది. రెండువైపులా బట్టలోనే గుచ్చుకుంటుంటే అంచు చప్పగా పడుకుంటుంది, పీకోలా కనపడదు. చీర మూల దగ్గర మొదలుపెట్టడమే కష్టం, ఎందుకంటే సుడిలోకి బట్ట వెళ్లడానికి పట్టుకునేందుకు ఏమీ ఉండదు. మూలకు సూదితో ఓ దారం ఎక్కించి, ఆ దారం పట్టుకుని సుడిలోకి లాగండి. జార్జెట్, షిఫాన్‌కు 9 లేదా 11 నంబరు సూది వాడండి. 14 పెడితే రంధ్రాలు కనపడతాయి. పైదారం టెన్షన్ (బిగువు) కాస్త తగ్గించండి, లేకపోతే కొంగు అంచు ముడుచుకుపోతుంది.

పీకో వచ్చిందంటే ఫ్రాకులకు ఇంకో పని కూడా వచ్చినట్టే. నెట్, ఆర్గంజా ఫ్రాకుల కింది అంచు అలలు అలలుగా నిలబడి ఉంటుంది చూశారా? అందులో నైలాన్ వైరు ఉంటుంది. అంచు మడతలో సన్నని వైరు పెట్టి, దాని మీదుగా వైరుకు సూది తగలకుండా జిగ్‌జాగ్ వేసుకుంటూ వెళ్తారు. తర్వాత బట్టను వైరు మీద కాస్త సాగదీసి వదిలితే అలలు వస్తాయి. వైరు రెండు కొసల్లో జానెడేసి అదనంగా వదిలి కుట్టండి, సాగదీసినప్పుడు అది లోపలికి వెళ్లిపోతుంది. కొసలను లైటర్‌తో కాస్త కరిగించి మొద్దుగా చేస్తే పిల్లలకు గుచ్చుకోదు.

కాజాల విషయంలో షాపువాళ్లు రెండు మాటలు చెప్తారు: ఫోర్ స్టెప్, వన్ స్టెప్. ఫోర్ స్టెప్‌లో ఎడమ గట్టు, అడుగున అడ్డుకుట్టు, కుడి గట్టు, పైన అడ్డుకుట్టు, ఇలా ప్రతి దశకూ మీరే డయల్ తిప్పాలి. పొడవు ఎంతన్నది మీరు గీసుకున్న గీతే. వన్ స్టెప్‌లో ఫుట్ వెనక గుండీ పెడతారు, లివర్ కిందికి దించుతారు, మిషనే ఆ గుండీ కొలతకు కాజా వేసి ఆగుతుంది. ఏడు కాజాలూ ఒకే సైజులో రావాలంటే రెండోదే సుఖం. అయితే బ్లౌజులకు మనం వాడేది హుక్కులే కాబట్టి, చొక్కాలు, కుర్తాలు కుట్టే ఉద్దేశం లేకపోతే దీనికోసం ధర పెంచుకోవద్దు. ఏ రకమైనా కాజా పట్టీలో బక్రం, అంటే బిగువు కోసం లోపల పెట్టే గట్టి గుడ్డ, లేకుండా వేయకండి. పల్చటి బట్టకైతే అడుగున బటర్ పేపర్ ముక్క పెట్టి కుట్టి చింపేయండి.

నల్ల మిషన్‌కు కూడా కాజా అటాచ్‌మెంట్ దొరుకుతుందని చాలామందికి తెలియదు. ఫుట్ ఉండేచోట బిగిస్తారు. సూది బిగించే స్క్రూ మీదికి దాని చేయి ఎక్కుతుంది. సూది పక్కకు ఊగలేదు కాబట్టి ఇది బట్టనే ఎడమకూ కుడికీ ఊపుతుంది. మిషన్ పళ్లు పని చేయకుండా పైన ఓ ప్లేట్ కప్పాలి. చప్పుడు ఎక్కువ, పని నెమ్మది. కాజాలు మాత్రం గట్టిగానే వస్తాయి.

టీషర్టులు, లెగ్గింగులు, లైక్రా దగ్గర నల్ల మిషన్ ఓడిపోతుంది. మామూలు సూటి కుట్టులో దారానికి సాగే చోటు లేదు, బట్ట సాగితే దారం పటుక్కున తెగుతుంది. జిగ్‌జాగ్‌లో దారం ఏటవాలుగా పడుతుంది. ఒక్కో కుట్టు 2 మి.మీ. ముందుకు, 1.5 మి.మీ. పక్కకు పడితే ఆ ఏటవాలు దారం 2.5 మి.మీ. ఉంటుంది. అంటే బట్ట పావు వంతు సాగినా దారం తెగకుండా నిటారు అవుతుందంతే. స్ట్రెచ్ కుట్లు ఇదే పనిని ఇంకోలా చేస్తాయి. పళ్లు బట్టను ముందుకు జరిపి, వెనక్కి తెచ్చి, మళ్లీ ముందుకు జరుపుతాయి, ఒకే చోట మూడు దారాలు పడతాయి. ప్యాంటు సీటు కుట్టుకు, చంక దగ్గరి కుట్టుకు ఇది బాగా నిలబడుతుంది. అందుకే డయల్ మీద మూడు గీతలు పక్కపక్కన ఉన్న గుర్తు ఉందేమో చూడమంటాను. తప్పు కుడితే విప్పడం మాత్రం నరకం.

కుట్టు సరైనదే పెట్టినా టీషర్టు మీద మధ్యమధ్యలో కుట్లు ఎగిరిపోతున్నాయని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. అక్కడ మిషన్ తప్పు లేదు. మామూలు సూది మొన హోజరీ బట్టలోని అల్లికను సరిగా దాటలేదు. బాల్‌పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి పోగుల మధ్య నుంచి జారుతుంది. లైక్రా ఎక్కువ ఉన్న బట్టకు స్ట్రెచ్ సూది అని వేరే వస్తుంది, అది పెట్టండి. దాంతోపాటు ఫుట్ ఒత్తిడి తగ్గించాలి. ఫుట్ గట్టిగా నొక్కుతుంటే పైపొర వెనకబడి, కింది పొర ముందుకు వెళ్లి, అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది.

ఈ ఒత్తిడి సర్దుబాటు మీ నల్ల మిషన్‌లోనే ఉంది. ఎడమ చివర, ఫుట్ కడ్డీకి సరిగ్గా పైన ఉండే స్క్రూ అదే. వదులు చేస్తే ఒత్తిడి తగ్గుతుంది, బిగిస్తే పెరుగుతుంది. జార్జెట్‌కు వదులు, జీన్స్‌కు బిగువు. ఏళ్లుగా మిషన్ వాడుతూ ఆ స్క్రూను నూనె వేసే చోటు అనుకునేవాళ్లు ఉన్నారు. విచిత్రం ఏమిటంటే కొత్త చౌక మోడళ్లలో ఈ సౌకర్యం తీసేశారు, లోపల స్ప్రింగు ఎంత బిగిస్తే అంతే. రోజూ పల్చటి బట్టలు కుట్టేవాళ్లు కొనేముందు దీని గురించి తప్పకుండా అడగాలి.

ఎంబ్రాయిడరీ గురించి అడిగారు. పళ్లు దిగే మిషన్ ఏదైనా దీనికి పనికొస్తుంది. పళ్లు దించితే బట్టను లాగేది ఏమీ ఉండదు, రింగు పట్టుకుని మీరు ఎటు జరిపితే అటు కుట్టు పడుతుంది. కుట్టు పొడవు ఇప్పుడు డయల్‌ది కాదు, మీ చేతి వేగానిది. చేయి వేగంగా జరిగితే పొడుగు కుట్లు, నెమ్మదిగా జరిగితే దగ్గర కుట్లు. మన ఊళ్లలో ఒకప్పుడు మిషన్ ఎంబ్రాయిడరీ నేర్పింది ఈ కాలు మిషన్ల మీదే. నల్ల మిషన్లలో కొన్నింటికి పళ్లు దించే నాబ్ ఉంటుంది. లేని వాటికి పళ్లను కప్పే ప్లేట్ దొరుకుతుంది.

రింగులో బట్ట బిగించడం చేతి పనికి తిరగేసినట్టు ఉంటుంది. బట్ట రింగు అడుగున చదునుగా, మిషన్ బల్లకు ఆనుకుని ఉండాలి. ఫుట్ తీసేయొచ్చు, కొత్తలో డార్నింగ్ ఫుట్ పెట్టుకుంటే వేళ్లకు రక్షణ. ఒక్క సంగతి మరవకండి: ఫుట్ లేకపోయినా దాని లివర్ కిందికి దించే ఉంచాలి. లివర్ పైకి ఉన్నంతసేపూ పైదారానికి టెన్షన్ ఉండదు, అడుగున దారమంతా గూడు కడుతుంది. పైన రేయాన్ దారం, బాబిన్‌లో (అడుగు దారం చుట్టే చిన్న చక్రంలో) సన్నని మామూలు దారం వాడండి. జిగ్‌జాగ్ మిషన్‌లో ఇదే పని చేస్తే సూది పక్కకు కూడా ఊగుతుంది కాబట్టి ఆకులు, పూరేకులు త్వరగా నిండుతాయి. బొటిక్‌లలో కనిపించే పెద్ద జిగ్‌జాగ్ మిషన్లకు మోకాలితో నెట్టే లివర్ ఉంటుంది. కుడుతూ ఉండగానే మోకాలితో వెడల్పు పెంచుతూ తగ్గిస్తూ ఆకు మొన నుంచి కాడ దాకా ఒకే ఊపులో లాగుతారు. ఇంటి మిషన్‌లో ఆ పని ఎడమ చేత్తో రింగు తిప్పుతూ, కుడి చేత్తో వెడల్పు డయల్ తిప్పుతూ చేయాలి. అలవాటైతే వస్తుంది, వేగం మాత్రం ఆశించకండి.

జరీ దారం పని నాకు బాగా ఇష్టమైనది, ఎవరూ పెద్దగా చెప్పనిది కూడా. జరీని సూదిలోకి ఎక్కిస్తే ప్రతి కుట్టుకూ సూది కన్నులో రాసుకుని పీచు లేచి తెగుతుంది. దాన్ని బాబిన్‌కు చుట్టండి. మిషన్ మీద కాకుండా చేత్తో, నెమ్మదిగా. బాబిన్ కేస్ పక్కన ఉండే చిన్న స్క్రూను కొద్దికొద్దిగా వదులు చేసి, జరీ పట్టుకుని లాగితే సాఫీగా జారేంతవరకు తేండి. ఇప్పుడు బట్టను తిరగేసి, అంటే లోపలి వైపు పైకి ఉండేలా పెట్టి కుట్టండి. డిజైన్ లోపలి వైపు గీసుకోవాలి. పూర్తయ్యాక తిప్పి చూస్తే జరీ గీత బట్ట మీద పరుచుకుని ఉంటుంది. రా సిల్క్ బ్లౌజు చేతుల మీద, పరికిణీ అంచు మీద ఇది చూడముచ్చటగా వస్తుంది. ఇందుకోసం రెండో బాబిన్ కేస్ కొని పెట్టుకోండి. మామూలు కుట్టుకు సరిచేసిన స్క్రూను మాటిమాటికీ కదిపితే మళ్లీ సర్దుకోవడానికి పూట పడుతుంది. నల్ల మిషన్‌లోనూ, ముందు నుంచి బాబిన్ కేస్ పెట్టే జిగ్‌జాగ్ మిషన్‌లోనూ ఇది సులువు. పైనుంచి ప్లాస్టిక్ బాబిన్ పడేసే మోడళ్లలోనూ చేయొచ్చు, కాకపోతే విడి కేస్ తెప్పించుకోవాలి, ఆ మోడల్‌దే కావాలి.

ఫుట్‌ల మీద పెట్టే ప్రతి రూపాయీ వస్తుంది. మిషన్ మీద అదనంగా పెట్టే ఐదు వేలకు ఆ మాట చెప్పలేను. ముందు మీ మిషన్ ఏ రకమో తెలుసుకోండి. ఫుట్ కిందికి దించి, ప్లేట్ నుంచి ఫుట్ బిగించే స్క్రూ మధ్యదాకా కొలవండి. అర అంగుళం దగ్గరుంటే లో షాంక్, అంగుళం దగ్గరుంటే హై షాంక్. ఇంటి మిషన్లు, మీ నల్ల మిషన్ కూడా సాధారణంగా లో షాంకే. జుకి లాంటి కంపెనీల పెద్ద ఫ్యాక్టరీ మిషన్ల ఫుట్‌లు వీటికి పడవు. బ్లౌజు మెడకు పైపింగ్ వేసేవాళ్లకు పైపింగ్ ఫుట్ ఉంటే తాడు దాని గాడిలో కూర్చుని కుట్టు ఒకే దూరంలో పడుతుంది. జిప్ ఫుట్‌తోనూ ఆ పని అవుతుంది. కుర్తీలకు, గౌన్లకు కనపడని జిప్ వేయాలంటే దాని ఫుట్ వేరే, అడుగున రెండు గాడులుంటాయి. వెల్వెట్ కుట్టేవాళ్లకు వాకింగ్ ఫుట్ కావాలి. కింద పళ్లు లాగుతున్నట్టే పైనుంచి దీని పళ్లు కూడా బట్టను లాగుతాయి, పొరలు జరగవు. గళ్ల బట్టలో గళ్లు కలపాలన్నా ఇదే. కుచ్చుల ఫుట్ జార్జెట్ మీద బాగానే ఉంటుంది కానీ కుచ్చు ఎంత రావాలో దాని ఇష్టం. నడుము కొలతకు సరిపెట్టాలంటే నేనైతే పొడవైన కుట్టు రెండు వరసలు వేసి బాబిన్ దారాలు లాగుతాను.

జంట సూది గురించి ఒక మాట. రెండు సూదులకు ఒకే కాడ ఉంటుంది. పైన రెండు సమాంతర గీతలు, అడుగున ఒకే బాబిన్ దారం వాటి మధ్య జిగ్‌జాగ్‌గా తిరుగుతుంది కాబట్టి కాస్త సాగుతుంది, టీషర్టు కింది మడతకు రెడీమేడ్ రూపం వస్తుంది. ఇది ప్లేట్‌లో వెడల్పు రంధ్రం ఉండి, సూదికి ముందు నుంచి దారం ఎక్కే మిషన్లకే. మీ నల్ల మిషన్‌కు దారం పక్కనుంచి ఎక్కుతుంది, రంధ్రం గుండ్రం, కాబట్టి దానికి వద్దు. జిగ్‌జాగ్ మిషన్‌లో జంట సూది పెట్టాక కుట్టు వెడల్పు సున్నాలో ఉందో లేదో చూసి, మొదటి రెండు కుట్లు చేత్తో చక్రం తిప్పి వేయండి.

ఫ్రీ ఆర్మ్, అంటే పక్క డబ్బా తీసేస్తే సన్నని చేయిలా మిగిలే ఏర్పాటు, ఇప్పుడు ఇంచుమించు అన్ని పోర్టబుల్ మిషన్లకూ ఉంది. చిన్నపిల్లల చేతులు, ప్యాంటు కాళ్లు దానికి తొడిగి చుట్టూ కుట్టొచ్చు. ఆటోమేటిక్‌గా దారం ఎక్కించడం, దారం కోసే బ్లేడు, వేగం తగ్గించే మీట, ఇవి సుఖం కోసం. కళ్లు అలసిపోయేవాళ్లకు దారం ఎక్కించేది నిజంగా ఉపకారం, కానీ వీటివల్ల కొత్త పని ఏదీ రాదు. కంప్యూటర్ మోడళ్లలో ఆపినప్పుడు సూది బట్టలోనే నిలిచి ఉండే బటన్ ఉంటుంది. ప్యాచ్ వర్క్ మూలలు తిప్పేవాళ్లకు అది మాత్రం పనికొస్తుంది.

షాపువాళ్లు ఎంబ్రాయిడరీ మిషన్ అని ఇంకోటి చూపిస్తారు. డిజైన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఫ్రేము దానంతట అదే కదిలి కుడుతుంది. 20 వేలలో అది రాదు. డబ్బు కూడబెట్టి కొనాలనుకున్నా ముందు ఫ్రేము సైజు చూడండి. చిన్న మోడళ్ల ఫ్రేము 10 సెం.మీ. చదరం, అంటే 4 అంగుళాలు. చేతి మీద ఒక పువ్వుకు చాలు. బ్లౌజు వీపు నిండా డిజైన్ కావాలంటే దాన్ని ముక్కలు చేసి, బట్ట మళ్లీ మళ్లీ బిగించి, అతుకు కనపడకుండా కలపాలి. ఫైలు రకం కూడా చూసుకోవాలి. బ్రదర్ మిషన్లు పీఈఎస్ ఫైళ్లు, జనోమే మిషన్లు జెఈఎఫ్ ఫైళ్లు తీసుకుంటాయి. మగ్గం వర్క్ లుక్ ఇస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పూసలు, కుందన్లు అది కుట్టదు.

ఓవర్‌లాక్ వేరే మిషన్. మామూలు మిషన్‌లో ఓవర్‌లాక్ కుట్టు ఉందని చెప్పేది జిగ్‌జాగ్‌కు దగ్గరి చుట్టం, అది అంచును కడుతుంది కానీ కోయదు. అసలు ఓవర్‌లాక్ మిషన్ కత్తితో అంచు కోస్తూ మూడు నాలుగు దారాలతో చుడుతుంది. మంచి వాటిలో డిఫరెన్షియల్ ఫీడ్ ఉంటుంది: ముందు పళ్లు, వెనక పళ్లు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ముందువి ఎక్కువ జరిపేలా పెడితే హోజరీ అంచు సాగకుండా పడుతుంది. తక్కువ జరిపేలా పెడితే పల్చటి బట్ట ముడతలు పడదు. ఆర్డర్లు పెరిగాక ఆలోచించండి, ఇప్పుడు అక్కర్లేదు.

షోరూమ్‌కు ఖాళీ చేతులతో వెళ్లకండి. వాళ్లు చూపించేది గంజి పెట్టిన తెల్ల కాటన్ ముక్క మీద, దాని మీద ఏ మిషన్ అయినా అందంగా కుడుతుంది. జార్జెట్ ముక్క, పాత టీషర్టు ముక్క, జీన్స్ కాలు మడత తీసుకెళ్లండి. జార్జెట్ రెండు పొరల మీద సూటి కుట్టు వేయించి ముడతలు చూడండి. టీషర్టు మీద సన్న జిగ్‌జాగ్ వేసి చేత్తో గట్టిగా సాగదీయండి. ఎక్కువ వెడల్పుతో శాటిన్ కుట్టు ఒక జానెడు వేయించండి, మధ్యలో దారాలు ఒకచోట పోగుపడితే పళ్ల లాగుడు సరిగా లేదని అర్థం. జీన్స్ మడత మీదికి ఎక్కేటప్పుడు ఫుట్ ముందుభాగం పైకి లేస్తుంది, వెనక మందపాటి అట్టముక్క పెడితే ఎక్కాలి. అలా కూడా మోటారు మూలిగితే ఆ మోడల్ జీన్స్‌కు కాదని తెలుసుకోండి. సూదులు వాళ్లవి పెట్టనివ్వకండి, 11, 14, 16 నంబర్లు, ఒక బాల్‌పాయింట్ మీరే తీసుకెళ్లండి.

మీ డబ్బుతో నేను చేసేదయితే: ముందు నల్ల మిషన్‌కు జిప్ ఫుట్, సూటి కుట్టు రోల్డ్ హెమ్ ఫుట్, రకరకాల సూదులు, ఇంకో బాబిన్ కేస్. తర్వాత, వెడల్పు డయల్ విడిగా ఉండి పళ్లు దిగే జిగ్‌జాగ్ మిషన్. అలాంటివి మీరు చెప్పిన బడ్జెట్‌లోనే దొరుకుతాయి. ఫుట్ ఒత్తిడి కూడా సర్దుకునేలా ఉంటే ఇంకో వెయ్యి ఎక్కువైనా తీసుకోండి. బ్లౌజుల సూటి కుట్టంతా పాతదాని మీద, మిగతాది కొత్తదాని మీద. ఇంటి జిగ్‌జాగ్ మిషన్‌ను రోజంతా సూటి కుట్టుకు పరిగెత్తించడం దానికి మంచిది కాదు.

పాతదానికి మోటారు పెట్టించాలా అని కింద వ్యాఖ్యలో ఇంకొకరు అడిగారు. మోటారు వేగాన్ని ఇస్తుంది, కొత్త కుట్టు ఏదీ ఇవ్వదు. బ్లౌజులు ఎక్కువుంటే పెట్టించండి, కానీ కాలి పెడల్, బెల్టు తీసేయకండి. కరెంటు పోయినప్పటి సంగతి అటుంచి, రింగు పెట్టి ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు ఒక్కో కుట్టుగా నడపడానికి కాలే మేలు. మీరు చూస్తున్న మోడళ్ల డయళ్లు కనపడేలా ఫోటో పెట్టండి, వెడల్పు, పొడవు విడిగా ఉన్నాయో లేదో చూసి చెప్తాను.